స్కానర్ మీద ఎవరి పేరు?

శని, ఆదివారాలొచ్చాయంటే హైదరాబాద్ కార్లు వికారాబాద్ దారి పడతాయి. కొండ చూసి, పడవెక్కి, జొన్న రొట్టె తిని జనం చీకటి పడేలోగా తిరుగుముఖం పడతారు. పల్లె పర్యాటకంతో ఆడవాళ్ల బతుకులు మారతాయని సభల్లో వింటున్నాం. ఆ మాట నిజం కావాలంటే ముందు తేలాల్సిన లెక్కలు కొన్ని ఉన్నాయి.

జొన్న రొట్టెకు అప్పడాల కర్ర అక్కర్లేదు. ఎసరు మరిగాక పిండిలో పోసి, చెయ్యి చురుక్కుమంటున్నా వేడి మీదే పిసకాలి. బత్తాయి పండంత ముద్ద తీసి పీట మీద పెట్టి అరచేత్తో తట్టాలి. చెయ్యి తిరిగినవాళ్లు తడుతుంటే ముద్ద తనంతట తనే గుండ్రంగా తిరుగుతుంది. అంచు పగలకూడదు. పగిలిందంటే పిండి పాతదన్నా అయ్యుండాలి, ఎసరు చల్లారన్నా ఉండాలి. పెనం మీద వేశాక పైన తడి చెయ్యి రాసి, తిప్పేసి, ఆఖరున నిప్పుల మీదికి తోస్తే బూరెలా పొంగుతుంది. గాజుల చప్పుడు, తట్టే చప్పుడు కలిసి ఒక తాళంలా వినిపిస్తాయి. ఈ విద్య రాని ఇల్లాలు నిన్నమొన్నటి దాకా వికారాబాద్, తాండూరు వైపు ఊళ్లలో లేదనే చెప్పాలి.

ఇప్పుడా విద్య పొద్దుగూకే వేళకు రోడ్డు పక్కకొచ్చింది. నాలుగు రాళ్ల పొయ్యి, ఒక పెనం, పక్కన పప్పు గిన్నె, పల్లి కారం డబ్బా. అనంతగిరి కొండ దిగి వస్తూ ఒకసారి అలాంటి పొయ్యి దగ్గర ఆగాం. పిండి పిసికింది, రొట్టె తట్టింది, ఎన్ని తిన్నామో లెక్క చెప్పింది, అన్నీ ఆమే. డబ్బుల దగ్గరికి వచ్చేసరికి బల్లకు అతికించిన స్కానర్ చూపించింది. స్కాన్ చేస్తే తెర మీద ఒక మగ పేరు వచ్చింది. పెద్ద కొడుకుదట. ఆమె దగ్గరున్నది బటన్ల ఫోను.

కొడుకు తప్పేమీ లేదు. ఆ డబ్బుతో రేపటి జొన్నలు అతనే తెస్తాడేమో. అయినా అప్పటి నుంచి పర్యాటకం, మహిళా సాధికారత అనే రెండు మాటలు జంటగా వినిపించినప్పుడల్లా నాకు ఆ తెర మీది పేరే గుర్తొస్తోంది.

గాలి మందు నుంచి వీకెండ్ దాకా

వికారాబాద్‌కు చుట్టాలు కొత్త కాదు. పాయిగా నవాబుల వంశీకుడు వికారుల్ ఉమ్రా పేరు మీద ఏర్పడిన ఊరిది. సికింద్రాబాద్ నుంచి ఈ ఊరి మీదుగా వాడి జంక్షన్‌కు వేసిన రైలు మార్గం 1874లో నడకలోకి వచ్చింది. ఆ తర్వాత అనంతగిరి కొండ మీద క్షయ రోగులకు ఆసుపత్రి వెలిసింది. మందుల కన్నా గాలే పని చేస్తుందని నమ్మిన కాలమది. ఇక్కడి గాలి లక్ష మంది రోగులకు మందని ఉర్దూలో ఒక నానుడే పుట్టింది. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి, ఆ అడవిలోనే మూసీ పుట్టుక. హైదరాబాద్‌లో ముక్కు మూసుకుని వంతెన దాటే మనం, ఇక్కడ అదే నది రాళ్ల సందున సన్నటి పాయగా పారుతుంటే చెప్పులు విడిచి కాళ్లు కడుక్కుంటాం.

అప్పట్లో రోగులొచ్చేవాళ్లు, ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు వస్తున్నారు. 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లా కేంద్రమైంది. హైదరాబాద్ నుంచి 75 కిలోమీటర్లు, అంటే పొద్దున బయల్దేరి రాత్రికి ఇల్లు చేరే దూరం. కోట్‌పల్లి జలాశయంలో స్థానిక కుర్రాళ్లు నడిపే కాయకింగ్‌కు పేరొచ్చింది. అడవి అంచున రిసార్టులు, ఫామ్‌హౌస్‌లు లేచాయి. స్వదేశ్ దర్శన్ 2.0 కింద అనంతగిరి అడవిలో ఎకో టూరిజానికి కేంద్రం 38 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మరోపక్క 2023 డిసెంబరు 9న ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఇంకో రకం యాత్రికులు పెరిగారు. నలుగురైదుగురు ఆడవాళ్లు సద్ది కట్టుకుని, బస్సెక్కి, గుడి చూసి, చెట్టు కింద కూర్చుని తిని, పిల్లలకు కోతుల్ని చూపించి వెళ్తారు. వీళ్లు రిసార్టుల లెక్కల్లో ఎక్కడా కనపడరు.

మరి ఊళ్లో ఆడవాళ్లకు ఇందులో దొరికిందేమిటి? రిసార్టులో గదులు ఊడ్చే పని, దుప్పట్లు ఉతికే పని, అంట్లు తోమే పని, తోటలో కలుపు తీసే పని. పని దొరకడం చిన్న విషయమని నేననను. నడి ఎండలో కూలికి పోవడం కన్నా నీడపట్టున జీతం నయమనుకునేవాళ్లు చాలామంది. కానీ ఊళ్లో రిసార్టు ఉండటం వేరు, ఊరే పర్యాటకాన్ని నడపడం వేరు. మొదటి దానిలో ఊరివాళ్లు జీతగాళ్లు. రెండో దానిలో ధర చెప్పేది, ఎవరిని రానివ్వాలో, ఎవరిని వద్దనాలో తేల్చేది ఊరు. పడవకు, గదికి, వంటకు ఎవరు బాధ్యులో ముందే తేలకపోతే ఏమవుతుందో జిల్లా చూసింది. 2025 జూన్‌లో సర్పన్‌పల్లి ప్రాజెక్టులో పడవ బోల్తా పడి, సరదాగా వచ్చిన ఇద్దరు మహిళా పర్యాటకులు చనిపోయారు.

మర్యాద ఇంటిది, చాకిరీ ఆమెది

మన ఊళ్లలో ఇంటికొచ్చిన మనిషికి అన్నం పెట్టి డబ్బులడగడమంటే పరువు తక్కువ. ఎండన పడి వచ్చినవాళ్లకు చెంబుడు నీళ్లు ఇచ్చాకే ఏ మాటైనా. చుట్టమొచ్చాడంటే కోడిని పట్టేది ఆయన. మసాలా నూరి, వండి, వడ్డించి, అందరూ తిన్నాక మిగిలింది తాను తిని, గిన్నెలు తోమి పడుకునేది ఆమె. పటేలింట్లో భోజనం కమ్మగా ఉంటుందన్న పేరు మాత్రం పటేలుకే.

పల్లె పర్యాటకం నిజంగా చేసే మొదటి పని ఈ పాత చాకిరీకి ధర కట్టడం. అక్కడే మొదటి చిక్కు. ఒక్క ఇల్లు భోజనానికి ఇంత అని అడిగితే వీధంతా నవ్వుతుంది, అన్నం అమ్ముకుంటోందని. పది ఇళ్లు సంఘంలో కూర్చుని తీర్మానం పుస్తకంలో రాసుకుంటే అదే మాట రేటవుతుంది. సిగ్గును పంచుకోవడానికి కూడా సంఘం కావాలి. సముదాయ పర్యాటకం అనే పెద్ద మాటకు నాకు తెలిసిన సొంత అర్థం ఇదే.

ఇది ఊహ కాదనడానికి ఉత్తరాఖండ్‌లో పంచచూలి శిఖరాలకు ఎదురుగా, మున్స్యారీ పక్కన సర్మోలీ అనే ఊరుంది. అక్కడి మాటీ సంఘటన్ ఆడవాళ్లు 2004 నుంచి తమ ఇళ్లలోనే అతిథులకు గదులిస్తున్నారు. మల్లికా విర్దీ నాయకత్వంలో నడిచిన ఈ సంఘం మొదలైంది టూరిజం కోసం కాదు. ఇంట్లో దెబ్బలకు, ఊళ్లో సారాకు ఎదురు తిరగడంతో మొదలైంది. అతిథుల పని ఆ తర్వాత వచ్చింది. దాన్ని కూడా వన పంచాయతీకి ముడిపెట్టారు. వచ్చిన డబ్బులో కొంత అడవి బాగోగులకు పోతుంది, ఎందుకంటే అతిథి వచ్చేది ఆ అడవిని చూడ్డానికే. 2023లో కేంద్ర పర్యాటక శాఖ సర్మోలీని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. వరస గమనించండి: ముందు సంఘం, తర్వాత అడవి మీద హక్కు, ఆ తర్వాత అతిథి. మన దగ్గర తరచూ ఇది తలకిందులవుతుంది. ముందు బోర్డు పాతుతాం.

అలాగని మనకు సంఘాలు కొరతా? డ్వాక్రా రోజుల నుంచి పొదుపు పుస్తకాలు పట్టుకుని తిరిగిన తరం మనది. ఊళ్లో చిన్న సంఘాలు, వాటి మీద గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య, 2011 నుంచి అప్పులిచ్చే స్త్రీనిధి. ఇంత పొందికైన యంత్రాంగం చాలా రాష్ట్రాలకు లేదు. ఇందిరా మహిళా శక్తి కింద 2024 నుంచి క్యాంటీన్లు వచ్చాయి. పక్క జిల్లా నారాయణపేటలో 2025 ఫిబ్రవరి నుంచి జిల్లా మహిళా సమాఖ్య పెట్రోలు బంకు నడుపుతోంది. ఆ తర్వాతి నెలలో మండల సమాఖ్యలు కొన్న బస్సులు ఆర్టీసీలో అద్దెకు తిరగడం మొదలుపెట్టాయి. బంకు నడపగలిగినవాళ్లు, బస్సు కొనగలిగినవాళ్లు పది మంది అతిథులకు మధ్యాహ్నం భోజనం పెట్టి లెక్క చూసుకోలేరా?

పడక కన్నా పొయ్యి ముందు

పల్లె పర్యాటకం అనగానే అధికారుల నోట మొదట వచ్చే మాట హోమ్‌స్టే. ఇంటి గది అతిథికివ్వాలి, ఇంటివాళ్లూ అదే ఇంట్లో ఉండాలి. కేంద్ర పర్యాటక శాఖ నిబంధన ప్రకారం ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఇవ్వొచ్చు. వినడానికి బాగానే ఉంది. ఊళ్లోకి వెళ్లి చూడండి. ఇందిరమ్మ ఇల్లు ఆడమనిషి పేరు మీదే మంజూరవుతుంది. ప్రభుత్వమిచ్చే 5 లక్షలతో కనీసం 400 చదరపు అడుగుల్లో కట్టుకోవాలి. కాగితం మీద ఆమె ఇంటి యజమాని, హోమ్‌స్టే దరఖాస్తుకు అన్ని అర్హతలూ ఉన్నాయి. కానీ 400 అడుగుల్లో అత్త, ఇద్దరు పిల్లలు, మొగుడు, బియ్యం బస్తాలు సర్దుకున్నాక అతిథిని ఎక్కడ పడుకోబెట్టాలి? ఖాళీ గదులున్న పెద్ద ఇళ్లు ఊళ్లో ఉన్నాయి. అవి భూమి ఉన్నవాళ్లవి. పట్టా ఆయన పేరు మీద ఉంటుంది. హోమ్‌స్టేతో మొదలుపెడితే లాభం ఉన్న ఇంటికే, ఉన్న పేరుకే చేరుతుంది. ఇది నా అనుమానం కాదు, గదుల లెక్క.

అందుకే పడకతో కాకుండా పొయ్యితో మొదలుపెట్టాలంటాను. దీనికి దారి కేరళ చూపించింది. 2008లో కుమరకం సహా నాలుగు చోట్ల బాధ్యతాయుత పర్యాటకం మొదలుపెట్టినప్పుడు అక్కడ కుటుంబశ్రీ సంఘాల మహిళలు హోటళ్లకు కూరగాయలు అందించేలా ఒప్పందం కుదిర్చారు. పంచాయతీ, హోటళ్లు, మహిళా సంఘాలు కలిసి ధర తేల్చేవి. మొదట్లో హోటళ్లకు కావలసినన్ని కూరలు సమయానికి అందక తిప్పలు పడ్డారు. ఏ మడిలో ఏం వేయాలో, ఏ రోజు ఎవరు కోయాలో వరస పెట్టుకున్నాక గాడిలో పడింది. వరి మడులు, వలలు, కొబ్బరాకులు అల్లే పని చూపించే పల్లె తిరుగుళ్లు ఆ తర్వాత వచ్చాయి.

ఇదే లెక్క అనంతగిరికి వేయండి. ఒక్క శనివారం రాత్రి రిసార్టుల వంటిళ్లలో ఎంత కందిపప్పు, ఎన్ని గుడ్లు, ఎంత పెరుగు, ఎన్ని కట్టల పుంటికూర ఖర్చవుతుందో ఊహించండి. అవి ఎక్కడి నుంచి వస్తున్నాయి? మండీ నుంచి టెంపోలో వస్తే, పక్క ఊరి ఆడవాళ్లకు ఆ రిసార్టు కాంపౌండు గోడ మాత్రమే. అదే సరుకు ధారూర్, కోట్‌పల్లి, పెద్దేముల్ మండలాల సమాఖ్యల నుంచి కొనాలని, రిసార్టుకు అనుమతి ఇచ్చే కాగితంలోనే ఒక వాక్యం రాస్తే చాలు. దానికి శంకుస్థాపన అక్కర్లేదు, ఫొటో కూడా రాదు. బహుశా అందుకే ఎవరూ రాయడం లేదు.

తాండూరు దాకా ఎవరూ పోరు

వికారాబాద్‌కు వచ్చే కార్లలో ఎక్కువ భాగం అక్కడే ఆగిపోతాయి. మరో 40 కిలోమీటర్లు పోతే తాండూరు. అక్కడ చూడ్డానికేముంది అంటారు. నాపరాళ్ల గనులు, పాలిష్ మిల్లుల దుమ్ము, సిమెంటు ఫ్యాక్టరీల పొగ. నిజమే. కానీ మన ఇళ్లలో అరుగుల మీద, స్నానాల గదుల్లో, పాత బడుల వరండాల్లో పరిచిన బండ ఎక్కడ పుట్టిందో చూడ్డం కూడా యాత్రే. పలక పలకగా ఊడి వచ్చే రాయి చుట్టుపక్కల ఊళ్లలో గోడై, కంచై, రొట్టె తట్టే పీటై కనిపిస్తుంది. ఆ గనుల్లో చెక్కు ముక్కలు తట్టలకెత్తే ఆడవాళ్ల కూలి గురించి ఏ టూరిజం బ్రోషరూ రాయదు.

తాండూరుకు అసలు పేరు తెచ్చింది కంది. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని కోసం దరఖాస్తు పెట్టింది యాలాల రైతుల కంపెనీ. సున్నపురాయి మీద పరుచుకున్న లోతైన నల్లరేగడి, అందులోని అట్టపల్గైట్ అనే బంకమట్టి ఈ పప్పు రుచికి కారణమంటారు శాస్త్రవేత్తలు. ఇంటి ఇల్లాలు దాన్ని ఇంకోలా చెబుతుంది: తొందరగా ఉడుకుతుంది, పొద్దున వండితే రాత్రి దాకా పాడవదు. కందిని పప్పు చేయడం చూశారా? నానబెట్టిన కందులకు ఎర్రమట్టి పట్టించి, ఎండలో ఆరబోసి, విసుర్రాయిలో పోసి విసరాలి. రాయి ఒక్కరు తిప్పితే బరువు, ఇద్దరు ఎదురెదురు కూర్చుని తిప్పితే పాట. ఆ తర్వాత చేట పట్టాలి. పొట్టు ఎగిరి అవతల పడాలి, పప్పు వెనక్కి రావాలి, నూక ఒక పక్కకు చేరాలి. మణికట్టులో ఆ విరుపు పదేళ్లకు గానీ రాదు. గుర్తింపు కాగితం పంటకొచ్చింది. ఈ మణికట్టుకు ఏ గుర్తింపూ లేదు. హైదరాబాద్ పిల్లలు ఒక పూట వచ్చి చేట పట్టడం నేర్చుకుని, తాము చెరిగిన కిలో పప్పు డబ్బులిచ్చి ఇంటికి పట్టుకెళ్తే? నాకైతే కాయకింగ్ కన్నా అదే బాగుంటుంది.

కర్ణాటక అంచున ఉన్న మండలాల్లో ఎల్లమాస అని ఒక పండుగ చేస్తారు. మార్గశిర అమావాస్యనాడు ఇంటిల్లిపాదీ పొలానికి పోతారు. జొన్న చొప్పతో చిన్న పందిరి వేసి, అందులో ఐదు రాళ్లు నిలబెట్టి పాండవులని మొక్కుతారు. చిక్కుడు, పచ్చి కంది, పచ్చి శనగ, దొరికిన ఆకుకూరలన్నీ వేసి వండిన బజ్జి, సజ్జ రొట్టెలు, అంబలి. ఆ రోజు దారిన పోయే ఎవరినైనా పిలిచి పెడతారు. కులం, పరిచయం అడగరు, డబ్బు మాటే లేదు. దీన్ని టికెట్ పెట్టి చూపిస్తే పండుగ నాటకమైపోతుంది. ఏది అమ్మాలో, ఏది అమ్మకూడదో తేల్చే హక్కు కూడా ఆ ఊరి ఆడవాళ్లకే ఉండాలి. ఎల్లమాసకు టికెట్ వద్దని వాళ్లంటే, దాన్ని వ్యాపారం తెలియకపోవడం అనుకోకూడదు.

వికారాబాద్ జంక్షన్‌లో రైలు పర్లీ వైపు మళ్లితే జహీరాబాద్ వస్తుంది. అక్కడ పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్లు, ఎక్కువమంది దళితులు, టూరిజం అనే మాట వాడకుండానే జనాన్ని తమ ఊళ్లకు రప్పించారు. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్ల బండ్ల మీద విత్తనాల కుండలు పెట్టుకుని నెల రోజుల పాటు ఊరూరా తిరుగుతారు. చూడ్డానికి దేశదేశాల నుంచి వస్తారు. వచ్చినవాళ్లకు చిరుధాన్యాల భోజనం, విత్తనాల కథ, 2008లో మొదలైన సంఘం రేడియోలో వాళ్ల గొంతులు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ ప్రైజ్ ఈ సంఘాలకొచ్చింది. సాధికారత అన్న మాట పలకకుండానే దాని పని జరిగిపోయిన చోటు నాకు తెలిసి ఇదొకటి. వికారాబాద్ అధికారులు కేరళ దాకా పోనక్కర్లేదు, ఒక పూట రైలెక్కితే చాలు.

ఎవరింట్లో తింటారు?

ఇక ఎవరూ పైకి అనని సంగతి. పట్నం అతిథికి కులం పట్టింపు లేదనుకుందాం. కానీ అతిథిని తీసుకొచ్చే గైడు ఎవరింటికి తీసుకెళ్తాడు? ఊరి నడిమధ్య పెద్ద అరుగున్న ఇంటికే. మాదిగవాడకు, తండాకు ఆ కారు మలుపు తిరుగుతుందా? వంట బాగా చేసే మనిషి ఆ చివర ఉన్నా, శుభ్రత అనే సాకు అడ్డొస్తుంది. సంఘం వంతులు వేసుకోకపోతే పల్లె పర్యాటకం ఊరి పాత మెట్లను అలాగే ఉంచి, వాటి మీద మరింత డబ్బు పోస్తుంది. ఈ వారం ఈ వాడ, వచ్చే వారం ఆ వాడ. మహిళా సంఘాల్లో అప్పు కూడా ఇలాగే వంతుల మీద నడిచింది కాబట్టి ఇది కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు.

మందు సంగతి ఇంకొకటి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీద లేచినప్పుడు రాష్ట్రమంతా అంటుకుంది. అదే తెలుగు నేల మీద ఇప్పుడు ఊరి ఆడవాళ్లు వీకెండ్ గుంపులకు గ్లాసులు, సోడాలు అందించి, పొద్దున్నే సీసా పెంకులు ఏరాల్సి వస్తే అది ఏ రకం ముందడుగో నాకు అర్థం కాదు. ఊళ్లో తాగి తిరగరాదు, స్నానాల రేవు వైపు పోరాదు, అడక్కుండా ఫొటో తీయరాదు అని సంఘమే రాసి దారి మొదట్లో పెట్టాలి. అద్దాల బట్టలు వేసుకున్న లంబాడీ అవ్వ కనిపించగానే సెల్‌ఫోన్ ఎత్తే అలవాటు మనలో చాలామందికి ఉంది. జహీరాబాద్ ఆడవాళ్లు ఈ తగాదాను తమ పద్ధతిలో తేల్చారు. వాళ్లే కెమెరాలు నేర్చుకుని సినిమాలు తీశారు.

యాత్రికుల చూపులో ఎవరు పడరో తెలియాలంటే పోచంపల్లి గుర్తు చేసుకోవాలి ఇక్కడ. 2021 డిసెంబరులో ప్రపంచ పర్యాటక సంస్థ దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. అందరూ గర్వపడ్డాం. అక్కడికి పోయినవాళ్లు మగ్గం ముందు కూర్చున్న నేతన్నను చూస్తారు. మగ్గానికి చేరక ముందే పోగులకు ఆసు పోసే పని ఒకటుంటుంది. ఒక్క చీరకు చేతిని 9 వేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. తరాలుగా అది ఆడవాళ్ల భుజాల మీదే సాగింది. తన తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం లక్ష్మి ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ వచ్చింది. మగ్గాన్ని చూపించే యాత్రల్లో ఆ భుజం ఎక్కడా కనిపించదు.

ముందు అడగాలి

ఈ జిల్లాలోనే దామగుండం అడవిలో 1,174 హెక్టార్లు నౌకాదళ రేడియో కేంద్రానికి పోయాయి. 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. మరుసటి నెలలో దుద్యాల మండలం లగచర్లలో ఫార్మా పరిశ్రమలకు భూములు తీసుకుంటామన్నప్పుడు తండాల ఆడవాళ్లు ఢిల్లీ దాకా పోయి జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందు నిలబడ్డారు. ఆ నెలాఖరుకే ప్రభుత్వం ఆ భూసేకరణ ప్రకటనను వెనక్కి తీసుకుంది. పారిశ్రామిక పార్కు పేరుతో మరో ప్రకటన తర్వాత వచ్చిందనుకోండి, అది వేరే కథ. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఈ జిల్లా ఆడవాళ్లకు నోరు లేదని, వాళ్లకు పర్యాటకం వచ్చి నోరిస్తుందని అనుకుంటే పొరపాటు. అడక్కుండా మొదలుపెట్టిన పని తమకు నచ్చకపోతే ఎలా ఆపాలో వాళ్లకు తెలుసు. 38 కోట్ల ఎకో టూరిజమైనా, ఇంకేదైనా, గ్రామసభలో ఆడవాళ్లు కూర్చున్నప్పుడు ముందే చెబితే పని సాఫీగా సాగుతుంది.

భారం సంగతీ వాళ్లనే అడగాలి. పొద్దున 4 గంటలకు లేచి పాలు పితికి, పిల్లల్ని బడికి తోలి, చేలో కలుపు తీసి వచ్చిన మనిషి మీద ఇంకో పది మంది వంట పెట్టి దానికి సాధికారత అని పేరు పెట్టడం తేలిక. ఆ రోజు ఇంట్లో గిన్నెలు ఎవరు తోమారు? నీళ్లు ఎవరు మోశారు? ఈ పనుల్లో ఒక్కటైనా మగవాళ్ల చేతికి మారిందా? సర్మోలీలోనైనా, కుమరకంలోనైనా చివరికి మిగిలే ప్రశ్న ఇదే. దీనికి ఏ పథకంలోనూ నిధులుండవు.

ఈసారి అనంతగిరి పోతే కొంచెం ముందుకు, తాండూరు దాకా పోయి రండి. కిలో కందిపప్పు కొనండి, మండీలో కాదు, చేట పట్టిన మనిషి దగ్గర. దారిలో పొయ్యి కనిపిస్తే ఆగి వేడి వేడి రొట్టె తినండి. అక్క చెప్పిన ధరకు బేరమాడకండి. స్కాన్ చేశాక, డబ్బు పంపే ముందు ఒక్క క్షణం ఆగి తెర మీద ఎవరి పేరు వచ్చిందో చూడండి. ఆమె పేరు కాకపోతే జేబులోంచి నోట్లు తీసి ఆమె చేతికే ఇవ్వండి.